గోదావరి ఆర్చి వంతెన నమూనా: ఏడు వారాల పని

రాజమహేంద్రవరం, కొవ్వూరు మధ్య గోదావరి మీద ఉన్న ఆర్చి వంతెనలో ఒక్క స్పాన్‌ను, అంటే రెండు స్తంభాల మధ్య భాగాన్ని, 1:100 కొలతలో కట్టాలని కూర్చున్నాను. 1900లో తెరిచిన హేవలాక్ వంతెనకు వయసు మీరడంతో దాని బదులు కట్టిన వంతెన ఇది. ఒక్కో స్పాన్ 97.552 మీటర్లు, అలాంటివి 28. నా బల్ల మీద ఒకటి 97.5 సెంటీమీటర్లు వస్తుంది. పట్టాల విషయంలోనూ ఈ కొలత కలిసొచ్చింది. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు, అంటే నమూనాలో 16.76. బొమ్మ రైళ్లకు వాడే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5. పావు మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు.

మొదటి రెండు వారాలు

కమాను ఎత్తు 16 సెంటీమీటర్లుగా పెట్టుకున్నాను. భారం పొడవునా సమానంగా పడితే కమానుకు సరిపోయే వంపు పారాబొలా. స్పాన్‌ను ఎనిమిది సమభాగాలు చేస్తే, అంచు నుంచి నడిమి దాకా గీతల దగ్గర ఎత్తులు 7, 12, 15, 16 సెంటీమీటర్లు. అవతలి సగంలో ఇవే అంకెలు వెనక్కి వస్తాయి. ప్లైవుడ్ మీద ఆ చుక్కల దగ్గర మేకులు కొట్టి అచ్చు తయారుచేశాను.

మందపాటి వెదురు బద్దను నానబెట్టి ఒక్కసారిగా వంచితే నిలవలేదు. అచ్చులోంచి తీయగానే రెండు కొసలూ నాలుగు సెంటీమీటర్లు విచ్చుకున్నాయి. రెండోసారి ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పున పలచని బద్దలు చీల్చి, నాలుగింటిని జిగురుతో ఒకదానిమీద ఒకటి అంటించి, రాత్రంతా క్లాంపుల్లో ఉంచాను. ఇప్పుడు వంపు అచ్చులో ఉన్నట్టే ఉంది. చీల్చేటప్పుడు కణుపులు ఒకే చోట పడకుండా చూసుకోవాలి, లేకపోతే వంపు అక్కడ విరిగినట్టు కనిపిస్తుంది.

మూడో వారం

ఈ వంతెనను బౌస్ట్రింగ్ అంటారు. విల్లు పైన, అల్లెతాడు కింద. మామూలు కమాను తన పాదాలను బయటికి తోస్తుంది. ఇక్కడ పట్టాలను మోసే కింది గర్డరే అల్లెతాడై ఆ తోపును పట్టి ఉంచుతుంది కనుక స్తంభం మీద నిలువు బరువే పడుతుంది. ఇది మాటలో తెలుసు, చేతికి తెలియాలనిపించింది.

కమాను ఒక పాదాన్ని మేకుకు కట్టాను. రెండోదాన్ని రెండు గుండ్రటి పెన్సిళ్ల మీద నిలబెట్టి, రెండు పాదాల మధ్య స్ప్రింగు త్రాసు తగిలించాను. వంద గ్రాముల ఇసుక పొట్లాలు పదింటిని సమాన దూరాల్లో వేలాడదీశాను. లెక్క ప్రకారం లాగుడు, బరువును స్పాన్‌తో గుణించి ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగించినంత. అంటే 1 కిలో × 97.5 ÷ 128, దాదాపు 760 గ్రాములు. త్రాసు 700 చూపింది. మిగతాది పెన్సిళ్ల రాపిడి, బద్దల బిగువు అనుకుంటున్నాను. కిలో బరువుకు ముప్పాతిక కిలో పక్కకు లాగుడు! త్రాసు విప్పగానే పాదం పెన్సిళ్ల మీద దొర్లిపోయి కమాను చదునుగా కూర్చుంది.

అన్ని పొట్లాలనూ ఒక పక్కన, పావు దూరంలో వేలాడదీస్తే ఇంకో సంగతి కనిపించింది. ఆ పక్క కుంగింది, ఎదుటి పక్క పైకి లేచింది. వంతెన మీదికి అప్పుడే ఎక్కిన రైలు పెట్టే భారం అలాంటిదే. అసలు వంతెనలో ఆ వంపును ఎక్కువగా అడ్డుకునేది కింద ఉన్న బాక్సు గర్డరు బిగువు. నా నమూనాకు కూడా పెట్టె ఆకారపు గర్డరు తప్పదని అప్పుడే తేల్చుకున్నాను.

ఐదో వారం

నాలుగో వారం రెండో కమానుకు, రెండింటినీ పైన కలిపే అడ్డ దూలాలకు సరిపోయింది. ఆ తర్వాత పునాది. వంతెన పనిలో మొదట జరగాల్సింది ఇదే, నేనే తలకిందులుగా మొదలుపెట్టాను.

ఇసుక నదిలో వంతెనకు బావి పునాది వేస్తారు. నిలువు బావి కట్టి, లోపలి ఇసుక తోడుతూ ఉంటే అది సొంత బరువుతో దిగుతుంది. బకెట్ నిండా తడి ఇసుక పోసి నాలుగంగుళాల పీవీసీ గొట్టం ముక్క నిలబెట్టాను. గొట్టం తేలిక కాబట్టి పైన ఇటుక ముక్కలు పెట్టి, చెంచాతో లోపల తోడాను. ఒక్క వైపే తోడితే అటే ఒరిగింది. ఎదుటి వైపు తోడితే మళ్లీ నిలువుకు వచ్చింది. ఒరిగిన బావిని సరిచేసే పద్ధతుల్లో ఇదొకటి.

తర్వాత బకెట్‌లో నీళ్లు నిండుగా ఉంచి, గొట్టంలోని నీళ్లు మాత్రం తోడేశాను. అడుగున ఇసుక బుడబుడమని ఉబికింది. బయటి నీరు కింద నుంచి దారి చేసుకుని ఇసుకను లోపలికి తోసుకొచ్చింది, చుట్టూ ఇసుక కుంగింది. లోపలి నీటి మట్టాన్ని బయటి మట్టం కంటే దిగనివ్వకూడదని ఎందుకంటారో ఆ ఉబుకు చూశాక అర్థమైంది. గంటసేపు మళ్లీ మళ్లీ అదే చేస్తూ కూర్చున్నాను.

ఏడో వారం

అల్లెతాడుకు మొదట నైలాన్ దారం కట్టాను. రెండు రోజుల్లో సాగింది. ఇప్పుడు సైకిల్ బ్రేకు తీగ వేసి, గర్డరు పెట్టెలోంచి పోనిచ్చి, చివర మరతో బిగిస్తున్నాను. కాంక్రీటు లాగుడుకు ఓర్వదు. అందుకే అసలు గర్డరులో ఉక్కు తీగలను ముందే బిగించి కాంక్రీటును నొక్కి ఉంచుతారు. రైలు వల్ల వచ్చే లాగుడు మొదట ఆ నొక్కుడును తగ్గించడానికే ఖర్చవుతుంది. నా పెట్టె మూడు అట్ట ముక్కలుగా ఉంది, వాటిని అంటించలేదు. తీగ బిగించితే అతుకులు కనిపించనంతగా కలిసిపోతున్నాయి. వదులు చేస్తే మధ్య అతుకు కింద సన్నని వెలుగు గీత తెరుచుకుంటోంది.

వచ్చే వారం హ్యాంగర్లు, అంటే కమాను నుంచి గర్డరును వేలాడదీసే తీగలు, కట్టాలి, అన్నింటి బిగువూ ఒకేలా ఉండాలి. గోటితో మీటి శబ్దం పోల్చి చూద్దామనుకున్నాను గానీ పొడవులు వేరు కనుక శబ్దాలూ వేరుగానే ఉంటాయి. కాబట్టి ఒక్కోదాన్నీ ఆ స్ప్రింగు త్రాసుతోనే కొలిచి ముడివేస్తాను.