మత్తడి దుంకినాక పేర్లు: మా గేమ్ క్రెడిట్స్ అనుభవం

మా గేమ్ ఫైనల్ బిల్డ్ మొన్ననే అప్‌లోడ్ చేశాం. గేమ్ మొత్తం ఒక ఎత్తు, చివర్లో పేర్లు పడే ఆ నాలుగు నిమిషాలు ఒక ఎత్తు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. తర్వాతైతే మర్యాద అడ్డొస్తుంది.

హనుమకొండలో మేం కొద్దిమందిమి కలిసి చేసుకున్న చిన్న గేమ్ ఇది. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులే కథ. గండి పడిన కట్ట పూడ్చాలి, మూసుకుపోయిన తూము తెరవాలి, పై చెరువు నిండితే కింది చెరువుకు నీళ్లు పోయేలా కాలువలు కలపాలి. అట్టడుగున ఉన్న చెరువు మత్తడి దుంకితే, అంటే నిండి అలుగు మీదుగా నీళ్లు పొర్లితే, గెలిచినట్టు. చంపడానికి రాక్షసుడు లేడు, మెచ్చుకోవడానికి రాజూ లేడు.

ముగింపు తొందరగానే కుదిరింది. మా కోడర్ తమ్ముడు మొదట "అభినందనలు, మీరు గెలిచారు" అని తెర నిండా బోర్డు పెట్టాడు. తీసేయించాను. చెరువు మత్తడి దుంకిన రోజు ఊళ్లో ఎవరైనా బోర్డు కడతారా? జనమంతా కట్ట మీదికి పోతారు, పిల్లలు చేపలకు దిగుతారు, ముసలివాళ్లు పోయినసారి ఎప్పుడు దుంకిందో లెక్కలు చెప్పుకుంటారు. ఆ జనం మధ్యలో ఆడేవాళ్లను కూడా కట్ట మీద నడవనిచ్చాం. కట్ట చివరికి చేరగానే కెమెరా నీళ్లతోపాటు కిందికి జారుతుంది, అక్కడ పేర్లు మొదలవుతాయి. మీరు గేమ్ చేస్తుంటే ఒక్క మాట వినండి. ముగింపులో వీడియో పెట్టి మనిషిని కూర్చోబెట్టకండి. అన్ని గంటలు బటన్లు నొక్కిన చేతులు ఉన్నట్టుండి ఊరుకోవు, స్కిప్ బటన్ వెతుక్కుంటాయి.

క్రెడిట్స్ చేర్యాల పటంలా ఉండాలన్నది నా పట్టు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి పోయింది గానీ ఒకప్పుడు మా వరంగల్ జిల్లాదే. ఎర్రటి నేల, గడులు గడులుగా బొమ్మలు. పొడవాటి గుడ్డను విప్పుకుంటూ పటం కథ ఎలా చెబుతారో అలాగే ఒక్కో గడిలో ఒక్కో పని, ఆ పని చేసినవాళ్ల బొమ్మ, కింద పేరు. అసలు పటానికి గుడ్డ మీద చింతగింజల జిగురు, సుద్ద పూత పూస్తారు. అవేవీ లేకుండా కంప్యూటర్లో ఆ ఎరుపు తెచ్చిన ఘనత మా ఆర్టిస్టు చెల్లెది.

వేగం లెక్క సులువు. పటం పొడవును, పేర్ల వెనక వచ్చే పాట సెకన్లతో భాగించడమే. 1080 పిక్సెళ్ల ఎత్తున్న తెర మీద సెకనుకు 60 పిక్సెళ్లు జరిగితే ఒక పేరు కింది నుంచి పైకి పోవడానికి 18 సెకన్లు పడుతుంది, అమ్మమ్మలు కూడా చదివేస్తారు. ఫ్రేముల మీద మాత్రం లెక్క కట్టొద్దు. సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే 60 హెర్ట్జ్ తెర మీద బాగున్నది 120 హెర్ట్జ్ ఫోన్‌లో రెట్టింపు వేగంతో ఉరుకుతుంది.

ఇక అసలు బాధ.

మా గేమ్‌లో మాటలు దాదాపు లేవు. ఉన్న కాసిని మెనూ మాటలూ బొమ్మలుగా గీసి పెట్టినవే. కాబట్టి తెలుగు అక్షరాల సంగతి చివరిదాకా బయటపడలేదు. మాకు కొన్నాళ్లు గది, కరెంటు ఇచ్చిన ఒక ఆఫీసు వాళ్లు కాలేజీ హాల్లో ప్రదర్శన పెట్టారు. ముందురోజు రాత్రి, అందరూ పడుకునే వేళకు, "ఈ పేర్లు కూడా చేర్చండి" అని వాట్సాప్‌లో ఇంత పొడుగు లిస్టు పంపారు. అందులో సగం మంది మా గేమ్ మొహం కూడా చూసినవాళ్లు కాదు. అన్నీ బొమ్మలుగా గీసే టైమ్ ఎక్కడిది? తమ్ముడు పేర్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టి, గేమ్ నేరుగా అక్కడి నుంచి చదువుకునేలా మార్చాడు. తెల్లారి నేరుగా హాలుకే వెళ్లాం.

చివరి పాట పాడింది ఒగ్గు కథ చెప్పే పెద్దాయన. ఐనవోలు మల్లన్న జాతరలో ఆయన గొంతు విన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కొత్త పంచె కట్టుకుని, మనవళ్లను వెంటబెట్టుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. మత్తడి దుంకింది, డోలు మోగింది, హాలంతా చప్పట్లు. తర్వాత పేర్లు మొదలయ్యాయి. ఆయన పేరు చివర "స్వామి" ఉంటుంది. తెర మీద స ఒకచోట, పొల్లు ఒకచోట, వ పక్కన దీర్ఘం విడిగా, మ మీద గుడి పక్కకు జారిపోయి కనిపించాయి. ప్రతి పేరూ అంతే. వత్తు అన్నది ఒక్కటీ లేదు. పెద్దాయన కూడబలుక్కుని చదివి, గట్టిగా అన్నాడు: "ఏంది బిడ్డా, నా పేరు గిట్ల ఇరగ్గొట్టినవ్?"

హాలంతా నవ్వింది. ఆయన కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది. అప్పుడు ఆఫీసు పెద్దమనిషి మైకు అందుకుని, "తెలుగు కంప్యూటర్‌కు సెట్ కాదండి, ఇంగ్లీషులో పెట్టుకొమ్మని ముందే చెప్పాం" అన్నాడు. ఎవరికి చెప్పాడో, ఎప్పుడు చెప్పాడో ఆయనకే తెలియాలి. ఆ రాత్రి లిస్టు పంపిన ఫోన్‌లోనే తెలుగు చక్కగా కనిపిస్తుందన్న ఆలోచన ఆయనకు రాలేదు. రోజంతా తెలుగులో మెసేజ్‌లు కొట్టుకుంటూ, మైకు పట్టగానే తెలుగు పనికిరాదనేవాళ్లు మన దగ్గర ఎక్కువైపోయారు.

ఆ తర్వాత ఎవరిని అడిగినా "ఫాంట్ మార్చి చూడండి" అన్నారు. మండలి ఫాంట్ పెట్టాం, రామభద్ర పెట్టాం, నోటో పెట్టాం. అన్నిట్లో అక్షరాలు అలాగే విరిగాయి. ఈ సలహా ఇచ్చేవాళ్లను మీరు నమ్మొద్దు, ఎందుకో చెబుతాను. "స్వా" అని మనం ఒక్క అక్షరంగా చూసేది కంప్యూటర్ లోపల స, పొల్లు, వ, దీర్ఘం అని నాలుగు కోడ్‌లు. వాటిని ఎలా కలపాలి, వత్తు ఎక్కడ వేయాలి అన్న నియమాలు ఫాంట్‌లో ఉంటాయి. కానీ ఆ నియమాలు చదివి అమలు చేసే ప్రోగ్రాం వేరే ఉండాలి. హార్ఫ్‌బజ్ అనేది ఆ పనే చేస్తుంది, ఆండ్రాయిడ్‌లో తెలుగు చక్కగా రావడానికి అదే కారణం. మేం వాడిన ఇంజిన్‌లో, అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, అక్షరాలు చూపించే పరికరం ఒక్కో కోడ్‌కు ఒక్కో బొమ్మ తీసి వరసగా పేరుస్తుంది. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగుకు బంగారు ఫాంట్ పెట్టినా లాభం లేదు.

గోడో 4 అనే ఇంజిన్‌లో హార్ఫ్‌బజ్ లోపలే ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, తెలుగు మాటలు ఎక్కువ ఉంటే, ముందే అటు చూడండి. గేమ్ అంతా అయిపోయాక ఇంజిన్ మార్చడం మాకు కుదిరే పని కాదు. పోనీ క్రెడిట్స్ వరకు వీడియో చేద్దామంటే ఇంకో తలనొప్పి. మామూలు వీడియో ఫైళ్లు వెలుగును పూర్తి వివరంగా దాచుకుంటాయి గానీ రంగును నాలుగో వంతు వివరంతోనే దాచుకుంటాయి. మాదేమో ఎర్ర నేల మీద పసుపు అక్షరాలు. అంచులన్నీ తడిసిన కాగితం మీద సిరాలా పాకిపోయాయి. ఎరుపు మార్చమన్నారు, నేను ఒప్పుకోలేదు.

చివరికి ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌తో ప్రతి పేరునూ బొమ్మగా మార్చాం. లిస్టు మారితే బొమ్మలన్నీ మళ్లీ వాటంతటవే తయారయ్యేలా తమ్ముడు ఒక స్క్రిప్ట్ రాశాడు. ఇదేదో పెద్ద విద్య కాదు, కానీ మా చుట్టుపక్కల ఇంత శుభ్రమైన తెలుగు క్రెడిట్స్ ఉన్న గేమ్ ఎవరైనా చేసి ఉంటే చూపించమనండి. పెద్దాయన ఇంటికి వెళ్లి ఫోన్‌లో చూపించాను. "ఇగ సక్కగున్నది. గని జర పెద్దగ రాయరాదు?" అన్నాడు. పెద్దగా చేశాం. ఇప్పుడు ఆయన పేరు నా పేరు కంటే పెద్దది.

లైసెన్సుల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే శబ్దాల్లో సీసీ బై (క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఒకటి) అని ఉంటే చేసినవాళ్ల పేరు వేయాల్సిందే. పక్కన ఎన్‌సీ అని కూడా ఉంటే అమ్మే గేమ్‌లో వాడకూడదు. మా కప్పల శబ్దం ఆ రకమే అని చివర్లో తేలింది. వడ్డేపల్లి చెరువు దగ్గర వానాకాలం సాయంత్రం ఫోన్ పెట్టి సొంత కప్పలను రికార్డు చేసుకున్నాం. ఇవే నయం.

పేర్ల వరస మీద ఆఫీసుతో ఇంకో గొడవ జరిగింది. వాళ్ల లోగో గేమ్ పేరు కంటే ముందు పడాలట, పెద్దమనిషి పేరు "మార్గదర్శకత్వం" అని మొదటి గడిలో ఉండాలట. నేను రామప్ప సంగతి ఎత్తాను. పాలంపేటలో ఉన్న దేవుడు రామలింగేశ్వరుడు, కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, శాసనం 1213 నాటిది. జనం మాత్రం ఆ గుడిని శిల్పి పేరుతోనే పిలుస్తారు, 2021లో యునెస్కో పట్టీలోకి కాకతీయ రుద్రేశ్వర ఆలయంగా ఎక్కినా పక్కన బ్రాకెట్లో రామప్ప అని వేయక తప్పలేదు. తమ్ముడు తన వంతుగా పాతకాలం వీడియో గేమ్ కంపెనీ అటారీ కథ చెప్పాడు. ఆ రోజుల్లో అటారీ ప్రోగ్రామర్ల పేర్లు వేసేది కాదు. వారెన్ రాబినెట్ అనే ఆయన "అడ్వెంచర్" అనే గేమ్‌లో రహస్య గది కట్టి, కనిపించీ కనిపించని ఒక చుక్కను మోసుకొస్తేనే తెరుచుకునేలా చేసి, లోపల తన పేరు రాసుకున్నాడు. ఆయన కంపెనీ వదిలేశాకే అది బయటపడింది. "మమ్మల్నీ ఆ పని చేయమంటారా సార్?" అన్నాడు తమ్ముడు. పెద్దమనిషికి జోకు అర్థం కాలేదు, భయం మాత్రం అర్థమైంది.

గది ఇచ్చారు, కరెంటు ఇచ్చారు, కాదనను. అందుకే పేరు వేశాం. "గది, కరెంటు" అన్న గడిలో, ఫాంట్ లైసెన్సుల కింద, కప్పల తర్వాత. వత్తులన్నీ సరిగ్గానే పడ్డాయి.