నర్క్యా చెట్టు కోసం సహ్యాద్రిలో

వానాకాలంలో సహ్యాద్రికి జలపాతాలు చూడ్డానికి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. మేం వెళ్ళింది కంపు కొట్టే పూల కోసం. మొక్కల్లోని రసాయనాల మీద పనిచేసే నా స్నేహితురాలు నమూనాల సేకరణకు బయల్దేరుతుంటే, సంచులు మోస్తానని నేనూ వెంటపడ్డాను. మహాబలేశ్వర్ దాటి కోయనా లోయ వైపు దిగే అడవిలో మేం వెతికింది నర్క్యా అనే చిన్న చెట్టుని. శాస్త్రీయ నామం నోథాపొడైటిస్ నిమ్మోనియానా.

దాన్ని పట్టుకోవడానికి కళ్ళకంటే ముక్కే ఎక్కువ పనికొచ్చింది. దారి చూపిస్తున్న పెద్దాయన ఓ కొమ్మ దగ్గర ఆగి, "ఇంకా వాసన తగల్లేదా?" అన్నాడు. తగలకేం! లేత పసుపు పూలు, రేకుల లోపల సన్నటి నూగు, చుట్టూ ఈగలు. ఇలాంటి చెట్టులో క్యాంప్టోథెసిన్ అనే రసాయనం దాక్కుని ఉంది. పెద్దపేగు క్యాన్సర్‌కు వాడే ఇరినోటెకాన్‌కూ, అండాశయ క్యాన్సర్‌కు వాడే టోపోటెకాన్‌కూ మూలం అదే. కణంలో డీఎన్‌ఏ మెలికలు సడలించే ఎంజైమ్ ఒకటుంది. ఈ మందు ఆ ఎంజైమ్‌ని డీఎన్‌ఏ మీదే ఇరుక్కుపోయేలా చేస్తుంది. దాంతో పోగులు తెగి కణం చస్తుంది.

1966లో అమెరికాలో మన్రో వాల్, మన్సుఖ్ వాణీ క్యాంప్టోథెసిన్‌ని మొదట వేరుచేసింది ఓ చైనా చెట్టు నుంచి. తమాషా ఏమిటంటే, వాణీ పుట్టింది ఈ మహారాష్ట్రలోనే, నందుర్‌బార్‌లో. నర్క్యాలోనూ అది ఉందని 1972లో గోవిందాచారి, విశ్వనాథన్ తేల్చారు.

వానకి కాసేపు ఓ బండ కింద నిలబడ్డప్పుడు మాట క్యాన్సర్ మందులిచ్చిన మరో మొక్క, బిళ్ళగన్నేరు మీదికి మళ్ళింది. అది మడగాస్కర్ మొక్క. జమైకాలో దాని ఆకుల కషాయం మధుమేహానికని తాగేవారు. 1952లో ఆ ఆకులు కెనడాలోని రాబర్ట్ నోబుల్ ప్రయోగశాలకు చేరాయి. ఎలుకలకిస్తే చక్కెర తగ్గలేదు గానీ తెల్ల రక్తకణాలు పడిపోయాయి. అలా ఆయనా చార్లెస్ బీరూ కలిసి 1958లో విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందుని బయటపెట్టారు. తర్వాత అదే మొక్కలో దొరికిన విన్‌క్రిస్టిన్‌ని పిల్లల ల్యుకేమియాకు (రక్త క్యాన్సర్‌కు) ఇప్పటికీ ఇస్తున్నారు. ఫలానా మొక్క ఒంటి మీద ఏదో చేస్తుందని సంప్రదాయ వైద్యం చెప్పగలదు. ఏం చేస్తుందో, ఎంత మోతాదులో చేస్తుందో ప్రయోగశాల తేల్చాల్సిందే. ఆకు పసరు తాగితే క్యాన్సర్ పోతుందని ఫోన్లలో తిరిగే మెసేజ్‌లు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. విన్‌క్రిస్టిన్‌ని మిల్లీగ్రాముల్లో లెక్కగట్టి ఇస్తారు. క్యాంప్టోథెసిన్ తొలి రూపాన్ని 1970ల్లో రోగులకిచ్చి చూసినప్పుడు మూత్రాశయం దెబ్బతిని, ఆ ప్రయత్నం ఆపేయాల్సి వచ్చింది.

కొమ్మ కోయడం నిమిషం పని. ఆ తర్వాతే అసలు గోల. పూలున్న రెమ్మని న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, మొక్కల్ని అదిమి ఎండబెట్టే ప్రెస్‌లో బిగించాలి. గాలిలో తేమకి కాగితాలు ఊరికే చెమ్మగిల్లేవి, మార్చకపోతే బూజు. చిన్న ఆకు ముక్కలు సిలికా జెల్ సంచుల్లోకి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగాయంటే తడి పీల్చేసుకున్నట్టు, కొత్తవి పొయ్యాలి. ప్రతి సంచికీ, రెమ్మకీ ఒకే నంబరు. అది తారుమారైతే ల్యాబ్‌లో ఏం దొరికినా ఏ చెట్టుదో చెప్పలేం. కాళ్ళకి పట్టిన జలగల్ని పీకడం కూడా ఈ రాతకోతల మధ్యే.

కాస్త పైన నరికేసిన మొదళ్ళు కనిపించాయి. మందు పదార్థం చెక్కలో, వేళ్ళలో ఉండటం ఈ చెట్టు ఖర్మ. ఎగుమతి కోసం చెట్లకి చెట్లే కొట్టేశారు. ఒకటి రెండు మొదళ్ళకి చిగుళ్ళు వచ్చాయి గానీ, అవి చెట్లయ్యేదాకా ఎవరాగుతారు?

దిగేటప్పుడు చెక్‌పోస్టులో గార్డు మా అనుమతి కాగితం పక్కన పెట్టుకుని సంచులన్నీ విప్పించాడు. రెమ్మలు, ఆకులు అని రాసుంది, వేళ్ళు లేవు కదా అని అడుగు దాకా తడిమి చూసి, అప్పుడు గేటు ఎత్తాడు.