నెట్ ఫిజిక్స్ ప్రిపరేషన్: పెన్ను స్ప్రింగ్ నేర్పిన పాఠం

లెక్చరర్ ఉద్యోగానికీ పరిశోధన ఫెలోషిప్‌కీ అర్హత పరీక్ష సీఎస్‌ఐఆర్ నెట్. ఫిజికల్ సైన్సెస్‌లో మొదటి అటెంప్ట్‌లో నన్ను చివరి భాగం, పార్ట్ సి ముంచింది. ఒక్కో ప్రశ్నకు 5 మార్కులు, తప్పు పెడితే పావు వంతు కోత. క్లాసికల్ మెకానిక్స్ ఫార్ములాలన్నీ నోటికొచ్చు. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే మాత్రం ఏది వాడాలో తోచేది కాదు.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఒక మధ్యాహ్నం ఈ లెక్క దగ్గర ఆగిపోయాను: స్ప్రింగ్‌లా మెలి తిరిగి, అటూ ఇటూ అంతులేకుండా సాగిన తీగ. దాని గురుత్వాకర్షణలో ఒక కణం కదులుతోంది. ఏ రాశి మారదు? గంటసేపు లగ్రాంజియన్ (గతిశక్తిలోంచి స్థితిశక్తిని తీసేసిన రాశి) రాయడం, కొట్టేయడం. పక్క సీట్లో ఓయూలో ఎమ్మెస్సీ చేసిన అన్న చూసి, "లెక్క తర్వాత చేద్దువు గని తమ్మీ, ముందుగాల పెన్నులకెళ్లి స్ప్రింగ్ తియ్యి" అన్నాడు.

తీశాను. పావు చుట్టు తిప్పితే చుట్లు జరిగినట్టు కనిపిస్తాయి. తిప్పకుండా కొంచెం పైకి జరిపినా అంతే. తిప్పుతూ, దానికి తగినంత పొడవునా జరిపితే మాత్రం అసలు కదపనట్టే ఉంటుంది! జవాబు అదే. కోణీయ మొమెంటం (గుండ్రంగా తిరగడానికి సంబంధించిన మొమెంటం) ఒక్కటే నిలవదు, పొడవు దిశలో మొమెంటం ఒక్కటే నిలవదు. చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరాన్ని 2పైతో భాగించి, దాంతో ఆ మొమెంటాన్ని గుణించి, కోణీయ మొమెంటానికి కలిపితే వచ్చేది నిలుస్తుంది. ఎడమ మెలిక అయితే కలపకుండా తీసేయాలి.

1918లో గణిత శాస్త్రవేత్త ఎమ్మీ నోథర్ ప్రచురించిన సిద్ధాంతం ఇదే చెబుతుంది: ఏదైనా నిరంతరంగా జరిపినా, తిప్పినా తేడా రాకపోతే (దాన్నే సిమెట్రీ అంటారు), దానికి తగ్గ ఒక రాశి మారకుండా నిలుస్తుంది. నియమాలు ఇవాళా రేపూ ఒకటే కాబట్టి శక్తి నిత్యత్వం, ఇక్కడా అక్కడా ఒకటే కాబట్టి మొమెంటం నిత్యత్వం. ఇంటర్ నుంచీ శక్తి నిత్యత్వాన్ని పైనుంచి వచ్చిన ఉత్తర్వులా చదివినవాణ్ని. దానికీ ఒక కారణం ఉందని అర్థమైన రాత్రి నిద్ర పట్టలేదు.

అలాగని సిమెట్రీ అందంగా ఉంది కదా అని నమ్మేయకండి. అద్దంలో బింబానికీ ప్రకృతి నియమాలు మారవని అందరూ అనుకునేవారు. భౌతిక శాస్త్రవేత్తలు లీ, యాంగ్ 1956లో సందేహించారు. ప్రయోగ శాస్త్రవేత్త చియెన్-షియుంగ్ వూ బృందం రేడియోధార్మిక కోబాల్ట్-60ని బాగా చల్లబరిచి చూస్తే, ఎలక్ట్రాన్లు న్యూక్లియస్ స్పిన్‌కు ఎదురు దిశలోనే ఎక్కువగా వచ్చాయి. అద్దంలోని బింబంలో ఇది తారుమారుగా కనిపిస్తుంది, అంటే అక్కడ నియమాలు ఒకటి కావు. సిలబస్‌లోని న్యూక్లియర్ యూనిట్‌లో ఇది ఒక్క లైనే ఉంటుంది. నాకు మాత్రం ఫిజిక్స్ అంటే ఏమిటో చెప్పింది ఆ లైనే: మనం ఊహించవచ్చు, తేల్చేది ప్రయోగం.

అప్పటినుంచి ప్రతి లెక్క పైన ముందు ఒక ప్రశ్న రాసేవాణ్ని: "ఇక్కడ ఏం మార్చినా తేడా రాదు?" మొదటి నెల వేగం బాగా పడిపోయింది, భయమేసింది. ఆ తర్వాత క్వాంటంలో కమ్యూటేటర్లు (రెండు ఆపరేటర్ల వరస మార్చితే వచ్చే తేడా), ఈఎంలో (విద్యుదయస్కాంతత్వం) గాస్ నియమం లెక్కలు కూడా అదే ప్రశ్నతో విడిపోవడం మొదలైంది. రెండో అటెంప్ట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది. ఎలక్ట్రానిక్స్‌కు మాత్రం ఈ పద్ధతి పెద్దగా పనికిరాలేదు, దానికి పాత పేపర్లే చేయండి.