అమ్మను ఏమని పిలిచారంటే

"ఈ ముసలావిడ తాలూకు ఎవరు?" అని నర్సు కేకేసింది. పక్కనే ఉన్న అమ్మ ఏమీ అనలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని, జారిన కళ్లజోడు సర్దుకుంది. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. అదే నర్సు పక్క మంచం మీదాయన్ని "పెద్దాయనా, మెల్లగా లేవండి" అంది. ఇద్దరిదీ దాదాపు ఒకే వయసు, మాటలో మాత్రం ఎంత తేడా!

ఇక "కాటికి కాళ్లు చాపుకున్న మనిషి" అనే మాట నేను అసలు సహించలేను. బతికున్న వాళ్లను అనే మాటేనా అది?

'వృద్ధులు' నాకు నచ్చుతుంది. వృద్ధి, వృద్ధ ఒకే సంస్కృత ధాతువు నుంచి వచ్చాయి, పెరగడం అని దాని అర్థం.

"అమ్మని పెద్దమ్మా అని పిలవండి" అని అడిగాను. "సరేనండీ" అంది నర్సు. మర్నాడు మాత్ర ఇస్తూ అలాగే పిలిచింది. అమ్మ తలెత్తి చూసింది.