రెండే కుర్చీలున్న గది

కెనడాలోని విండ్సర్‌లో నిలబడి చూస్తే అమెరికా ఉత్తరాన కనిపిస్తుంది. డెట్రాయిట్ నది ఇక్కడ అలా మలుపు తిరిగింది. కార్ల విడిభాగాలకు అచ్చులు చేసే ఒక చిన్న కర్మాగారంలో కొలతలు సరిచూడటం నా పని. 2025 మార్చి 4న కెనడా సరుకు మీద అమెరికా 25 శాతం సుంకం విధించిన నాడు, తుప్పు పట్టకుండా నూనె పూసి, ప్లాస్టిక్ చుట్టి లారీకి సిద్ధం చేసిన రెండు అచ్చులు, ఆ సుంకం ఎవరు భరించాలో తేలక సాయంత్రం దాకా లోడింగ్ డాక్ దగ్గరే ఉండిపోయాయి. రెండు రోజుల్లోనే అమెరికా, కెనడా, మెక్సికోల వాణిజ్య ఒప్పందం పరిధిలోని సరుకుకు మినహాయింపు వచ్చింది కానీ, ఏప్రిల్ 3న కార్ల మీద సుంకం పడటంతో కొత్త ఆర్డర్లు ఆగిపోయాయి.

భోజన విరామంలో మా సీనియర్ టూల్‌మేకర్ కెనడా అమెరికాకు ఎదురు నిలవాల్సిందేనని వాదించేవాడు. ఇంటి అప్పు తీరిపోయినవాడికి ఆ మాట సులువే. వర్క్ పర్మిట్ మీద బతుకుతున్న నాకు ఊరుకున్నంత ఉత్తమం లేదనిపించేది.

జరిగినవి చూశాక ఆ అభిప్రాయం నిలవలేదు. అప్పటి కెనడా ప్రధాని ట్రూడో 2024 నవంబరులో ట్రంప్ నివాసమైన మార్-ఎ-లాగోకు స్వయంగా వెళ్లి భోజనం చేసి వచ్చారు, సరిహద్దు కాపలాకు 130 కోట్ల డాలర్లు ప్రకటించారు. బదులుగా దక్కింది, కెనడా అమెరికాకు ‘51వ రాష్ట్రం’ అన్న ట్రంప్ ఎగతాళి. 2025 జూన్ 29 రాత్రి ట్రూడో తరువాత ప్రధాని అయిన కార్నీ ప్రభుత్వం, అమెరికా అభ్యంతరం చెప్పిన డిజిటల్ సేవల పన్నును (పెద్ద ఇంటర్నెట్ కంపెనీల మీద వేసే పన్ను) వదులుకుంది. ఆగస్టు 1న ఒప్పందం పరిధిలోకి రాని సరుకుపై సుంకం 35 శాతానికి పెరిగింది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని మనవాళ్లు ఊరికే అనలేదు. అయితే ఒంటరిగా తిరగబడటమూ నిలవలేదు: అమెరికాకు పంపే విద్యుత్తుపై మా ఒంటారియో రాష్ట్ర ముఖ్యమంత్రి ఫోర్డ్ మార్చి 10న వేసిన 25 శాతం అదనపు రుసుమును మర్నాడే పక్కన పెట్టవలసి వచ్చింది.

బ్రిటన్ మేలో, జపాన్, యూరోపియన్ యూనియన్ జులైలో అమెరికాతో ఎవరి బేరం వారు కుదుర్చుకున్నాయి. ఆ వార్తలు చదువుతుంటే నాకు మా యజమాని గది గుర్తుకొచ్చింది. ఏప్రిల్‌లో ఆయన మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచి, మిగతావారంతా ఒప్పుకున్నారని చెప్పి, వారానికి నాలుగు రోజుల పనికి సంతకం తీసుకున్నారు. మొదట వెళ్లిన నాకూ అదే మాట చెప్పారన్న సంగతి, నెల తరువాత టీ తాగుతూ మాట్లాడుకున్నప్పుడు గానీ బయటపడలేదు. ఆయన చెడ్డవాడని అనను. ఆయన ఆర్డర్లూ నిజంగానే పోయాయి.

సెప్టెంబరులో మూడు రోజులకు తగ్గిద్దామని కబురు వచ్చినప్పుడు, టూల్‌మేకర్‌తో కలిసి ఐదుగురం వెళ్లాం. కూర్చోమన్నారు గానీ గదిలో ఉన్నవి రెండే కుర్చీలు. నిలబడే మాట్లాడి, ఆర్డర్ల పుస్తకం మాకూ చూపించమని అడిగాం.