డెమోయిన్‌లో గోడల మధ్య ఫుట్‌బాల్

మెమోరియల్ డే వీకెండ్‌కి చికాగో నుంచి ఐయోవా రాష్ట్రంలోని డెమోయిన్, మా అక్కావాళ్లింటికి. ఐ-80 గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, మీరంతా తిరిగిన రోడ్డే, వాల్‌కాట్ ట్రక్‌స్టాప్‌లో కాఫీ, మళ్లీ అదే రోడ్డు. ఆరోజు నా ప్లానల్లా తినడం, పడుకోవడం. మా బావ మాత్రం ముందే టికెట్లు తీసి పెట్టుకున్నాడు, ఐయోవా బార్న్‌స్టార్మర్స్ అనే ఇక్కడి ఇండోర్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ మ్యాచ్‌కి. "ఇండోర్‌లో ఫుట్‌బాలేంటి బావా, ఒళ్లు హూనమైపోయింది నన్నొదిలెయ్" అంటే వినడే. డౌన్‌టౌన్‌లో ఎవరిదో ప్రైవేట్ లాట్‌లో పార్కింగ్‌కి ఇరవై డాలర్లు గుంజారు, డెమోయిన్‌లో కూడా ఇంతేనా అని అక్కడే సగం మూడ్ పోయింది.

మొన్నటిదాకా వెల్స్ ఫార్గో అరీనా అన్నదే ఇప్పుడు కేసీస్ సెంటర్. లోపల గ్రౌండ్ 50 గజాలే, వెడల్పు 85 అడుగులు, బౌండరీ గీత బదులు చుట్టూ మెత్తలు కట్టిన గోడ. మా సీట్లు సరిగ్గా ఆ గోడ పక్కనే. రెండో క్వార్టర్‌లో అనుకుంటా, ఒక రిసీవర్ బంతి పట్టుకుని ఆగలేక వచ్చి గోడని గుద్దాడు చూడండి, నడుము దాకా మా వైపు వేలాడాడు, హెల్మెట్ నా మోచేతికి జానెడు దూరంలో, నా నాచోస్ చీజంతా ప్యాంటు మీద. అతను "సారీ సర్" అని లేచి పరిగెత్తుకుంటూ పోయాడు, మా బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

టిష్యూలిచ్చింది పక్క సీటు పెద్దాయన. వెటరన్స్ ఆడిటోరియంలో ఆడే రోజుల నుంచీ వస్తున్నాడట, దాన్ని వీళ్లు "బార్న్" అనేవాళ్లు. హైవీ సూపర్‌మార్కెట్‌లో సరుకులు సర్దిన కర్ట్ వార్నర్ 1995 నుంచి 97 దాకా ఈ టీమ్‌కే క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు, తర్వాత పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ర్యామ్స్ టీమ్‌తో సూపర్ బౌల్ కొట్టాడు, ఈ ఊళ్లో ఆ కథ చెప్పనివాడు ఉండడనుకుంటా. కానీ ఈయన అది రెండు ముక్కల్లో తేల్చేసి, లైన్‌లో ఉన్న బండ మనుషుల్ని చూపించి మొదలుపెట్టాడు.

టీమ్‌కి ఎనిమిది మందే కదా, క్వార్టర్‌బ్యాక్‌కి అడ్డుగా నిలబడే లైన్‌లో సెంటర్, ఇద్దరు గార్డులు, అంతే, బయటి ఫుట్‌బాల్‌లో లైన్ చివర్న నిలబడే టాకిల్సే లేరు. వెనక క్వార్టర్‌బ్యాక్, ఫుల్‌బ్యాక్, ముగ్గురు రిసీవర్లు. రిసీవర్ బంతి కదలకముందే ముందుకి పరుగందుకోవచ్చు, బయటి ఫుట్‌బాల్‌లో అయితే ఫౌలని జెండా పడుద్ది. అటువైపూ లైన్‌లో ముగ్గురు, ఇద్దరు లైన్‌బ్యాకర్లు, ముగ్గురు బ్యాక్‌లు. పాత అరీనా లీగ్‌లో ఆ ఇద్దరు లైన్‌బ్యాకర్లకీ పేర్లుండేవి, మ్యాక్, జాక్. మ్యాక్ క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకొచ్చు, జాక్ దూకకూడదు, వెనకే కాపలా. అప్పట్లో గోల్‌పోస్టులకి రెండు వైపులా వలలు కూడా ఉండేవంట, వాటికి తగిలి తిరిగొచ్చిన బంతి ఆటలోనే ఉన్నట్టు, మన గల్లీ క్రికెట్‌లో గోడకి తగిలొచ్చిన బాల్‌ని ఒంటి చేత్తో పడితే అవుటన్నట్టే. ఇప్పుడీ లీగ్‌లో ఆ వలలు లేవు.

ఆయన బాధ వలల గురించి కాదు. 1987లో ఆ అరీనా లీగ్ మొదలైనప్పుడు ఐరన్‌మ్యాన్ రూలని ఉండేదట, క్వార్టర్‌బ్యాక్, కిక్కర్, ఇంకొందరు స్పెషలిస్టులు తప్ప మిగతా అందరూ రెండు వైపులా, అంటే దాడిలోనూ డిఫెన్స్‌లోనూ, ఆడాల్సిందే. ఫుల్‌బ్యాకే లైన్‌బ్యాకర్, రిసీవరే డిఫెన్సివ్ బ్యాక్, ఆ 130 కిలోల గార్డు ఒకసారి కాపు కాసి మరుసటి నిమిషం అవతలివాళ్ల క్వార్టర్‌బ్యాక్ మీద పడాలి. నాలుగో క్వార్టర్‌కొచ్చేసరికి ఎవడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంటాడా అని కోచ్‌లు కాచుకునేవాళ్లంట. 2007లో ఎత్తేశారు, ఎవర్నైనా ఎప్పుడైనా మార్చుకోవచ్చన్నారు. "ఇప్పుడు ఎవడూ అలిసిపోడు" అన్నాడాయన, తిట్టినట్టే.

నాకు ఠక్కున ఐపీఎల్‌లో మ్యాచ్ మధ్యలో ఒకణ్ణి మార్చి ఇంకొకణ్ణి దింపే ఇంపాక్ట్ ప్లేయర్ రూల్ గుర్తొచ్చింది. అదీ ఇంతేగా, శివమ్ దూబేకి బౌలింగే లేకుండా పోయింది, రోహిత్ శర్మ కూడా నాకీ రూల్ నచ్చదని బాహాటంగానే అన్నాడు. ఆల్‌రౌండర్ ఉంటే ఎక్కడో రాజీ పడాలి, ఆ రాజీలోనే మజా అని నా వాదన. అప్పట్నుంచీ స్కోర్‌బోర్డ్ వదిలేసి లైన్‌మెన్‌నే చూశాను. ప్రతిసారీ ముగ్గురు పోయి ముగ్గురు కొత్తగా దిగుతున్నారు, బెంచ్ మీద నీళ్లు, టవళ్లు, జోకులు. బాగానే ఆడుతున్నారు, కాదనను, కానీ ఆయన చెప్పిన ఆట చూడాలనిపించింది.

మ్యాచయ్యాక ఫ్యాన్స్‌ని గ్రౌండ్‌లోకి వదిలారు, మా మేనల్లుడు ఒక గార్డు దగ్గర సంతకం తీసుకున్నాడు. నువ్వు రెండు వైపులా ఆడగలవా అని అడిగాను. నవ్వి, "నా కోచ్‌కి చెప్పకండి, అడిగితే ఆడతా" అన్నాడు.

కారెక్కగానే బావకి ఇదంతా చెబితే ఒప్పుకోడే. ఆయన సన్‌రైజర్స్ పిచ్చోడు. "ఇంపాక్ట్ ప్లేయర్ లేకపోతే బెంగళూరు మీద మన 287 ఎక్కణ్ణుంచి వచ్చేదిరా?" అంటాడు. ఆ రూల్ లేకపోయినా హెడ్ కొట్టేవాడేగా అని నేను. ఐ-235 మీద మొదలైంది అక్క పప్పుచారు వడ్డించేదాకా నడిచింది, ఇద్దరం తగ్గలా.