ఉట్రెక్ట్‌లో పొద్దున్నే సైకిల్ ఎక్కేవాళ్ళు

నేను 11 ఏళ్ళుగా సైకిల్ మీద ఉద్యోగానికి వెళ్తున్నాను. బ్యాంకులో పని. పోను 7 కిలోమీటర్లు, రాను 7. ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువమంది అడిగిన మాట ఒక్కటే: "ఇంకా సైకిలేనా మేడమ్? బండి కొనలేదా?" అడిగేవాళ్ళంతా మంచివాళ్ళే. కాకపోతే సైకిల్ మీద పనికి వెళ్ళే మనిషి అనగానే వాళ్ళ మనసులో ఒక ఉద్యోగం, ఒక జీతం ముందే మెదులుతాయి. నేను అందులో ఇమడను. అందుకే వాళ్ళకు ఏదో ఇబ్బంది.

పోయిన సెప్టెంబరులో మా పిన్ని కూతురు నెదర్లాండ్స్‌కు రమ్మని టికెట్ పంపింది. అది తులిప్ పూల కాలం కాదు. అయినా ఆ పూల కోసం వెళ్ళాలని నాకు లేదు. 1 కోటి 80 లక్షల మంది జనం, 2 కోట్ల 30 లక్షల సైకిళ్ళు ఉన్న దేశంలో రోజూ సైకిల్ మీద పనికి వెళ్ళేవాళ్ళు ఏం పనులు చేస్తారో తెలుసుకోవాలనిపించింది. దూరం నుంచి చూసి ఊహించుకోవడం కాకుండా, వీలైనంత మందిని ఆపి అడగాలనుకున్నాను.

మా చెల్లి ఉండేది ఉట్రెక్ట్‌లో, లొంబొక్ అనే పేటలో. టర్కీ, మొరాకో నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువగా ఉండే చోటు. మొదటి రోజు నిద్ర పట్టక ఏడింటికే కిటికీ దగ్గర కూర్చున్నాను. కింద వీధిలో ఒక్కొక్కటిగా మొదలైన సైకిళ్ళు ఏడున్నరకల్లా వరస కట్టాయి. నల్లటి పాత సైకిళ్ళు, నిటారుగా కూర్చుని తొక్కే మనుషులు. ఒకావిడ ముందు పెట్టెలో ఇద్దరు పిల్లలు. ఒకాయన కోటు వేసుకున్నాడు, సైకిల్ మాత్రం తుప్పు పట్టి ఉంది. ఖరీదైన సైకిల్ తొక్కుతున్న ఒక కుర్రాడి బట్టలకు సున్నం అంటుకుని ఉంది. ఎవరేం పని చేస్తారో ఊహించడానికి అరగంట ప్రయత్నించాను. ఒక్కరి విషయంలోనూ ధైర్యంగా చెప్పలేకపోయాను.

రెండో రోజు చెల్లితో పాటు నేనూ సైకిల్ ఎక్కాను. నాకిచ్చిన సైకిల్‌కు చేతి బ్రేకు లేదు. పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతుంది. అది కాలికి అలవాటు కావడానికి రెండు రోజులు పట్టింది. చెల్లి పనిచేసేది ఊరి తూర్పు అంచున, విశ్వవిద్యాలయం, పెద్ద ఆసుపత్రి, పరిశోధన సంస్థలు ఒకే చోట ఉన్న సైన్స్ పార్కులో. ఇంటి నుంచి ఆరు కిలోమీటర్ల లోపే. దారిలో ఫ్రేడెన్‌బుర్ఖ్ కూడలి వస్తుంది. రోజుకు 30 వేలకు పైగా సైకిళ్ళు ఆ దారిన పోతాయట. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నా చుట్టూ యాభై అరవై మంది ఉన్నారు. హారన్ ఒక్కటి వినిపించలేదు. ఎర్రటి తారు వేసిన మా దారి వేరు, కార్ల దారి వేరు. 11 ఏళ్ళుగా బస్సు వెనక నుంచి హారన్ కొడుతుంటే వీపు బిగబట్టుకుని తొక్కడం నాకు అలవాటు. ఆ పొద్దున వీపు వదులైన సంగతి సైన్స్ పార్కు చేరాకగానీ గమనించలేదు.

ఆసుపత్రి ముందు సైకిల్ స్టాండు దగ్గర ఒక గంటసేపు నిలబడ్డాను. చెల్లి పక్కనే ఉండి డచ్ భాషలో నా ప్రశ్న అడిగి పెట్టింది: "మేము మీలాగే సైకిల్ మీద పనికి వెళ్ళేవాళ్ళం, మీరేం పని చేస్తారు?" కొందరు తల ఊపి వెళ్ళిపోయారు. చాలామంది ఆగారు. మత్తు డాక్టరు ఒకాయన, పిల్లల వార్డు నర్సు, క్యాంటీన్‌లో వంటామె, రక్త పరీక్షల ల్యాబులో పనిచేసే అబ్బాయి, గణితం చెప్పే ప్రొఫెసర్. అందరి సైకిళ్ళూ ఒకే స్టాండులో, ఒకదాని హ్యాండిల్ ఒకదానికి తగిలేంత దగ్గరగా ఉన్నాయి. డాక్టర్లకు వేరే స్టాండు ఉందా అని అడిగితే ఆ నర్సుకు నా ప్రశ్న అర్థం కాలేదు. చెల్లి రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

అక్కడ కలిసిన వాళ్ళలో నేను ఎప్పటికీ మరచిపోలేని మనిషి, ఆసుపత్రిలో శుభ్రం చేసే పని చేసే ఒక మొరాకో ఆవిడ. వయసు యాభై దాటి ఉంటుంది. పొద్దున ఆరున్నరకు మొదలైన షిఫ్టు అయిపోయి ఇంటికి బయల్దేరుతోంది. ఆవిడ సైకిల్ నేర్చుకున్నది 38వ ఏట. వలస వచ్చిన ఆడవాళ్ళకు ఈ దేశంలో చాలా ఊళ్ళలో సైకిల్ నేర్పే తరగతులు ఉంటాయి. తన పేటలో అలాంటి తరగతికి వెళ్ళిందట. మొదటి నెల రెండుసార్లు పడి, మోకాలు పగిలి, మానేద్దామనుకుందట. "అంతకు ముందు ఇంటికి నడక దూరంలో దొరికిన పనే నా పని" అంది. "సైకిల్ వచ్చాక పొద్దున ఒక చోట, మధ్యాహ్నం ఇంకో చోట చేయగలిగాను. తర్వాత ఇక్కడ పర్మనెంట్ అయింది." 

సైకిల్ తొక్కేవాళ్ళు ఏం పని చేస్తారన్నదే నా ప్రశ్న. ఎంత దూరం తొక్కగలమన్న దాన్ని బట్టి ఏ పని దొరుకుతుందో కూడా తేలుతుందని ఆవిడ చెప్పేదాకా నాకు తట్టలేదు. రోజూ సైకిల్ తొక్కే నాకే తట్టలేదు.

మా మరిది ఉద్యోగం హేగ్‌లో, అకౌంటెంటు. "వదినగారూ, రేపు నాతో రండి, మా వాళ్ళ పద్ధతి చూద్దురుగాని" అన్నాడు. ఇంటి నుంచి ఉట్రెక్ట్ సెంట్రల్ స్టేషనుకు సైకిల్. స్టేషన్ కింద మూడు అంతస్తుల సైకిల్ పార్కింగ్, 12,500 సైకిళ్ళు పడతాయి. 2019లో పూర్తిగా తెరిచారు, అప్పటికి ప్రపంచంలో అదే అతి పెద్దది. దిగి నడిపించుకుంటూ పోవక్కర్లేదు, తొక్కుకుంటూనే లోపలికి వెళ్ళవచ్చు. ఏ వరసలో ఎన్ని ఖాళీలు ఉన్నాయో బోర్డుల మీద కనిపిస్తుంది. మొదటి 24 గంటలు ఉచితం. అక్కడి నుంచి రైలు, హేగ్‌లో దిగాక మళ్ళీ రైల్వే వాళ్ళ అద్దె సైకిల్, నీలం పసుపు రంగుల్లో. అప్పుడు రోజుకు నాలుగు యూరోల పైచిలుకు. ఆ దేశంలో రైలెక్కేవాళ్ళలో పదిమందికి నలుగురి కన్నా ఎక్కువమంది స్టేషనుకు సైకిల్ మీదే వస్తారు. కంపెనీ ఉద్యోగికి రాకపోకల ఖర్చు కింద 2024 నుంచి కిలోమీటరుకు 23 సెంట్ల వరకు పన్ను లేకుండా ఇవ్వవచ్చు, సైకిల్ మీద వచ్చినా అది వర్తిస్తుంది. కారుకు ఇచ్చేదే సైకిల్‌కూ ఇస్తారా అని రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను.

హేగ్‌లో ప్రభుత్వ భవనాల పక్కగా వెళ్తుంటే మరిది మార్క్ రుట్టే సంగతి ఎత్తాడు. దాదాపు 14 ఏళ్ళు ప్రధానమంత్రిగా ఉన్న మనిషి ఆఫీసుకు సైకిల్ మీద వెళ్ళేవారు. 2024 జులైలో పదవి అప్పగించి, సైకిల్ ఎక్కి వెళ్ళిపోయారు. ఆ వీడియో నేనూ చూశాను. విచిత్రం ఏమిటంటే, ఆ దేశం వాళ్ళకు అది పెద్ద వార్తేమీ కాదని మరిది అన్నాడు. బయటి దేశాల వాళ్ళే ఎక్కువగా పంచుకున్నారట.

అలాగని దేశమంతా సైకిల్ మీదే తిరుగుతుందని చెబితే అబద్ధం అవుతుంది. ఉద్యోగాలకు కారులో వెళ్ళేవాళ్ళే ఇప్పటికీ ఎక్కువ. సైకిల్ వాటా సుమారు నాలుగో వంతు. ఊరి బయట గోదాముల్లో, దూరపు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకు సైకిల్ కుదరదు.

ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్ళిన రోజు పొద్దున్నే సెంట్రల్ స్టేషన్ వెనక ఫెర్రీ దగ్గర గడిపాను. ఐ అనే నీటిపాయను దాటించే ఆ పడవలకు టికెట్ లేదు. దాటడానికి పట్టే ఐదారు నిమిషాలు సైకిల్ పట్టుకుని నిలబడాల్సిందే కాబట్టి ఎవరితోనైనా మాట కలపవచ్చు. నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాను. ఒక లాయరు హ్యాండిల్‌కు తగిలించిన సంచీ తెరిచి మడత పెట్టిన నల్ల గౌను చూపించింది. పదిన్నరకు కోర్టు. పెట్టె సైకిల్‌లో రంపం, డ్రిల్లింగ్ మిషను, చెక్క పలకలు వేసుకున్న వడ్రంగి, "కాలువల పక్కన వ్యాను ఎక్కడ ఆపను? ఆపినా పార్కింగ్‌కు ఎంతవుతుందో తెలుసా?" అన్నాడు. ఆ పెట్టె సైకిల్‌ను వాళ్ళు బాక్‌ఫీట్స్ అంటారు. రాత్రి డ్యూటీ దిగిన నర్సు ఒకమ్మాయి కమ్మీకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆమెను కదిలించలేదు.

ఉట్రెక్ట్‌లో చెల్లి వాళ్ళ కింది ఇంట్లో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉంటారు. "మీ దేశంలో మొదటి నుంచీ ఇంతేనా?" అని అడిగాను. కానే కాదన్నారు. ఆవిడ చిన్నప్పుడు వీధులన్నీ కార్లవే. 1971లో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు, వాళ్ళలో 400 మందికి పైగా పిల్లలు. అలా కూతుర్ని పోగొట్టుకున్న ఒక విలేఖరి 1972లో రాసిన వ్యాసం శీర్షికే ఉద్యమం పేరు అయింది: "పిల్లల హత్యలు ఆపండి". తల్లిదండ్రులు, పిల్లలు రోడ్ల మీద కూర్చున్నారు. ఆ మరుసటి ఏడాది చమురు కరువు వచ్చి, నవంబరు 4 నుంచి ఆదివారాలు కార్లు బంద్ చేశారు. అన్నదమ్ములతో కలిసి హైవే మీద చక్రాల బూట్లతో జారిన రోజు ఆవిడకు ఇంకా గుర్తు. చేతులు రెండూ చాచి చూపించారు, ఎంత వెడల్పు రోడ్డు తమ ఒక్కళ్ళకే దొరికిందో. ఆ పోరాటాల తర్వాతే సైకిళ్ళకు వేరే దారులు ఊరూరా పెరుగుతూ వచ్చాయి. డాక్టరూ ప్రొఫెసరూ సైకిల్ ఎక్కడానికి వాళ్ళ సుగుణాలే కారణమని అప్పటివరకూ కొంచెం నమ్ముతూ ఉన్నాను. పిల్లలు చనిపోతే తల్లులు రోడ్డు మీద కూర్చోబట్టి అలాంటి దారి వచ్చింది. ఆ దారి మీదికి అందరూ వచ్చారు.

ఆ పన్నెండు రోజుల్లో సైకిల్ చూసి నేను పని చెప్పగలిగింది ఒక్క రకం మనుషులదే. వీపున పెద్ద చతురస్రపు సంచీ ఉన్నవాళ్ళు. ఇళ్ళకు భోజనం చేర్చేవాళ్ళు. ఒక సాయంత్రం సన్నగా వాన పడుతుంటే మా వీధిలో ఒక అబ్బాయి ఫోనులో తెలుగులో మాట్లాడుతున్నాడు. పలకరించాను. చదువు పూర్తయి ఉద్యోగం వెతుక్కుంటున్నాడట, ఈలోగా ఈ పని. "వాన పడితే ఆర్డర్లు పెరుగుతాయక్కా, అందుకని ఇవాళ ఇంటికి పోలేను" అన్నాడు. గాలికి ఎదురుగా తొక్కుతుంటే తన కరెంటు సైకిల్ బ్యాటరీ త్వరగా అయిపోతుందని, చలికాలంలో వేళ్ళు కొంకర్లు పోతాయని చెప్పాడు. నాన్నకు ఆఫీసు ఉద్యోగమనే చెప్పాడట. ఇక్కడ ప్రధానమంత్రే సైకిల్ తొక్కారు కదా అనబోయి ఆగిపోయాను. ఆయన పని ముగించుకుని సైకిల్ ఎక్కేవారు. ఈ అబ్బాయికి సైకిల్ ఎక్కితేనే పని మొదలవుతుంది, దిగితే డబ్బు ఆగిపోతుంది. చెల్లి ఇంట్లోంచి వేడి టీ తెచ్చింది. సైకిల్ దిగకుండానే తాగి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి మరిది ల్యాప్‌టాప్‌లో మన దేశం 2011 జనగణన లెక్కలు తీసి చూశాను. పొలం పనులూ ఇంటి పరిశ్రమలూ కాకుండా వేరే పనులు చేసేవాళ్ళలో సైకిల్ మీద పనికి వెళ్ళేవాళ్ళు సుమారు 2 కోట్ల 60 లక్షల మంది. నెదర్లాండ్స్ మొత్తం జనాభా కన్నా ఎక్కువ. ఆ అంకె చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. సైకిల్ మీద పనికి వెళ్ళే మనుషుల కోసం నేను విమానమెక్కి వచ్చాను. అంతకన్నా పెద్ద దేశం రోజూ పొద్దున నా పక్కనుంచే పోతోంది. వాళ్ళలో ఒక్కరినైనా మీరేం పని చేస్తారు, ఎంత దూరం తొక్కుతారు అని నేను ఎప్పుడూ అడగలేదు.

బయల్దేరే ముందు రోజు నా సైకిల్ చైన్ జారిపోయింది. వీధి చివర సైకిల్ బాగుచేసే కొట్టుకు నడిపించుకుంటూ తీసుకెళ్ళాను. అరవై ఏళ్ళ టర్కీ పెద్దాయన, చేతులకు మోచేతుల దాకా గ్రీజు. ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. చైన్ ఎక్కిస్తూ ఎక్కడి నుంచి వచ్చావు, ఏం పని చేస్తావు అని అడిగాడు. చెప్పాను. పనికి ఎలా వెళ్తావని అడిగాడు.

"సైకిల్ మీద."

"ఎన్ని కిలోమీటర్లు?"

ఏడు అన్నాను. తల కూడా ఎత్తలేదు. "వానలు ఎక్కువా మీ వైపు?" అని అడిగాడు. నాలుగు నెలలు బాగా పడతాయని చెప్పాను. అల్మరాలోంచి చిన్న నూనె సీసా తీసి చైన్ మీద ఒక్కో లింకుకు ఒక్కో చుక్క వేస్తూ, పెడల్ నెమ్మదిగా ముందుకు తిప్పుతూ చూపించాడు. వానలో తడిసిన ప్రతిసారీ ముందు గుడ్డతో పొడిగా తుడవాలట, ఆ తర్వాతే నూనె. ఎక్కువైతే దుమ్ము పట్టేస్తుందట. గుడ్డ నా చేతికిచ్చి, మిగతా సగం చైన్ నన్నే చేయమన్నాడు.